అమెరికా పాత పేపర్ల మావయ్య

మా మావయ్య పోయాడన్న కబురు నాకు మూడు రకాలుగా వచ్చింది. కాశీబుగ్గ నుంచి ఒకాయన ఫోన్ చేసి, విశాఖపట్నం ఆస్పత్రిలో పోయాడట అన్నాడు. అది విని బయల్దేరుతుంటే టెక్కలి బస్టాండులో ఇంకొకాయన ఎదురై, దారిలో రైల్లోనే పోయాడటగా అని చెయ్యి పట్టుకున్నాడు. మూడోది మా అత్త చెప్పించిన కబురు. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, టీ పెట్టమని, ఆ టీ వచ్చేలోపు ఇంట్లో తన మంచం మీదే ఒరిగిపోయాడు. ఆ మూడోదే నిజం. మొదటి రెండూ ఆయన చెవిన పడి ఉంటే ఎంత ముచ్చటపడేవాడో. ఒక్క చావుకి ఇన్ని వార్తలా అని నన్ను కూర్చోబెట్టి, నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు అని తీగ లాగుతూ పూటంతా గడిపేసేవాడు.

ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లందరూ అత్తను ఒకటే అడిగారు. ఆయనకి తెలుసా అని. ఇక ఎన్నాళ్లో లేనని మనిషికి తెలిసే వెళ్లాడా, తెలియకుండా వెళ్లాడా అని. అత్త అందరికీ ఒకే జవాబు చెప్పింది. "తెల్దు. ఏటీ తెల్కుండానే ఎల్లిపోనాడు. అదొక్కటే నాకు నిమ్మళం." ఆమె అలా అన్నప్పుడల్లా నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించి అరుగు దిగిపోయేవాణ్ణి. ఎందుకు దిగిపోయానో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆయన మా అమ్మకు అన్న. సొంతూరు ఉద్దానంలో, కవిటి అవతల. కొబ్బరితోటలు తమ్ముళ్లకు వదిలేసి, పలాస వచ్చి జీడిపప్పు వ్యాపారంలో దిగాడు. బి.ఏ. చదివాడు కాబట్టి గుమాస్తా పని చేస్తాడనుకున్నారు ఇంట్లో. ఆయన జీడిపిక్కలు కాల్చే బట్టీ పెట్టాడు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాడికి అమెరికా అంటే ఆకాశంలో ఉన్న దేశం కాదు. అక్కడివాళ్లు పండక్కి పప్పు కొంటే ఇక్కడ ధర లేస్తుంది, కొనకపోతే పడుకుంటుంది. కాబట్టి అమెరికాలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం ఆయనకు మొదట్లో వ్యాపారమే. తర్వాత అది వ్యసనమైంది. ఇంకొన్నాళ్లకి వ్యాపారం పక్కన పడి వ్యసనమే మిగిలిందని అత్త అనేది.

నేను టెక్కలిలో ఒక దినపత్రికకు విలేకరిని. విలేకరి అనడం కూడా కొంచెం పెద్ద మాట. రోడ్డు ప్రమాదాలు, మంత్రిగారి పర్యటనలు, భావనపాడులో వల తెగిన బోట్లు, ఇవి రాసి సాయంత్రం బస్సులో పత్రిక ఆఫీసుకు కవరు పంపేవాడిని. ఊరంతా నన్ను పేపరాయన అని గౌరవంగా పిలుస్తుంటే, ఒక్క మావయ్య మాత్రం నా పేరు కింద అచ్చయిన ప్రతి ముక్కనీ పోలీసు జేబులు తడిమినట్టు తడిమేవాడు.

ఆయన అమెరికా పేపర్లు చదివే తీరు ఇంకెక్కడా చూడలేదు. అక్కడ అమ్ముడుపోని పేపర్లు బేళ్లు బేళ్లుగా ఓడల్లో మన దేశానికి వచ్చేవి, పొట్లాలు కట్టుకోవడానికి. కాశీబుగ్గలో తూకానికి పేపర్లు అమ్మే కొట్టులో అవి దొరికేవి. మంచి కాగితం, తెల్లగా, దళసరిగా ఉండేది. కిరాణా వాళ్లూ ఎండుచేపల వాళ్లూ వాటి కోసం ఎగబడేవారు. మావయ్య కొట్టువాడితో ముందే మాట్లాడుకుని, బేలు విప్పిన రోజున వెళ్లి, వార్తలున్న పేజీలు ఏరుకుని, ప్రకటనల పేజీలు ఎండుచేపల వాళ్లకు వదిలేసేవాడు. బట్టీ పక్కన గోదాములో కుర్చీ వేసుకుని, జీడితొక్క కాలుతున్న ఘాటు వాసనలో, ఆర్నెల్ల కిందటి అమెరికాని చదివేవాడు.

ఇంత పాత వార్తలెందుకు మావా అని అడిగితే మొదటిసారి కోప్పడ్డాడు. రెండోసారి నవ్వి చెప్పాడు. "కొత్త పేపర్లో ఎవడు అబద్ధం సెప్తన్నాడో దేవుడికే తెలాల. పాత పేపర్లో మనకే తెలిసిపోద్ది." ఫలానా నెలలో ఆ దేశంలో ధరలు దిగుతాయని రాసిన పెద్దమనిషి వ్యాసం ఆయన ఆ నెల దాటాక చదివేవాడు. ఫలానా బిల్లు ఖాయంగా నెగ్గుతుందన్నవాడు, అది ఓడిపోయిన సంగతి తెలిశాక ఆయన ముందుకొచ్చి నిలబడేవాడు. పాపం ఆ రాసినవాళ్లకి తెలియదు, ఇక్కడ పలాసలో బనీను వేసుకున్న ఒక మనిషి తమ జోస్యాలకి మార్కులు వేస్తున్నాడని.

మొదటి పేజీ ఆయన ఆఖర్న చూసేవాడు. ముందు లోపల ఒక మూల, నిన్న ఫలానా తప్పు రాశాము, సరిచేసుకుంటున్నాము అని చిన్నక్షరాల్లో వేసే గడి చదివేవాడు. అదంటే ఆయనకు ప్రాణం. తప్పు ఏ పేజీలో ఎంత అక్షరంతో వేశారు, ఒప్పు ఏ మూలన ఎంత అక్షరంతో వేశారు అని వేళ్లతో కొలిచి నాకు చూపించేవాడు. తప్పు జానెడు, ఒప్పు చిటికెన గోరు. అయినా ఆ గోరంతైనా వేసినందుకు అమెరికా వాణ్ణి మెచ్చుకునేవాడు. మీ పేపర్లో అలాంటి గడి ఎందుకు లేదని నన్ను నిలదీస్తే, ఒకసారి ధైర్యం చేసి మా డెస్కులో అడిగాను. అవి వేయడం మొదలెడితే వార్తలకి చోటు మిగలదని వాళ్లు నవ్వారు. ఆ మాట మావయ్యకు చెబితే ఆయన నవ్వలేదు. ఆళ్లు నిజమే సెప్పినారు అన్నాడు.

ఈ పాత పేపర్ల పిచ్చి ఆయన్ని ఒకసారి నిండా ముంచింది. రెండు వేల సంవత్సరం, అక్కడ అధ్యక్షుడి ఎన్నికకు ముందు ఒక పార్టీలో అభ్యర్థిత్వం కోసం పోటీ జరుగుతోంది. మావయ్యకు అందులో ఒక సెనేటరు తెగ నచ్చేశాడు. రైల్వేస్టేషన్ దగ్గర టీకొట్టులో కూర్చుని ఆయన తరఫున వాదించేవాడు. ఎవరూ ఎదురు వాదించకపోయినా వాదించేవాడు. ఆ సెనేటరు పోటీ నుంచి తప్పుకుని చాలా రోజులైందని నేను టీవీలో చూసి చెప్పాను. ఎవరు చెప్పారన్నాడు. టీవీ అన్నాను. ఏ టీవీ, వాడికెవడు చెప్పాడన్నాడు. నేను విసుగొచ్చి వదిలేశాను. ఆయన వేసవి అంతా ఆ సెనేటరును గెలిపిస్తూనే ఉన్నాడు. వానలు పడ్డాక ఒకరోజు బేలు విప్పారు. సాయంత్రం నా కోసం టెక్కలి దాకా వచ్చి, నా గది గుమ్మంలో చెప్పులు విప్పుతూ, నువ్వు చెప్పింది నిజమేరా, తప్పుకున్నాడు అన్నాడు. గొంతులో నిజంగా దిగులుంది. టీకొట్టువాడు మాత్రం మరుసటి ఎన్నిక దాకా, మీ సెనేటరు ఎలాగున్నాడు బాబూ అని అడుగుతూనే వచ్చాడు.

ఆ దెబ్బతో గోదాములోకి టీవీ వచ్చింది. కేబులు కూడా పెట్టించాడు. ఆ నవంబరులో అమెరికాలో ఓట్ల లెక్కింపు రాత్రి మనకు పొద్దున్న. గోదాములో ఆడవాళ్లు వరసగా కూర్చుని జీడిపప్పులో గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరుతున్నారు. మావయ్య టీవీ గొంతు పెంచాడు. ఒక రాష్ట్రం ఫలానా ఆయనదని చానెళ్లన్నీ చెప్పాయి. కాసేపటికి కాదన్నాయి. తర్వాత రెండో ఆయన అధ్యక్షుడైపోయాడన్నాయి. మళ్లీ అదీ వెనక్కి తీసుకున్నాయి. మావయ్య ఆనందానికి హద్దుల్లేవు. పప్పు ఏరుతున్న వాళ్లలో ఒక ముసలామె, అయితే ఎవలు గెలిసినారు బాబూ అని అడిగింది. "ఇంకా లెక్కెట్టనేదమ్మా. లెక్కెట్టకుండానే సెప్పీసినారు" అన్నాడు. ఆమె కాస్త ఆలోచించి, మరి ఆళ్లకంత తొందరేటి అని మళ్లీ పప్పులో పడింది. అమెరికాలో తర్వాత పెద్దపెద్దవాళ్లు విచారణ చేసి అడిగిన ప్రశ్న అదే, ఈవిడ కంటే పొడుగ్గా అడిగారంతే.

తర్వాత వారాల తరబడి ఆ రాష్ట్రంలో ఓటు కాగితాలు వెలుగుకెత్తి పట్టుకుని, ఓటేసినవాడు పొడిచిన కన్నం సగం పడిందా పూర్తిగా పడిందా అని చూస్తుంటే, మాకందరికీ వింతగా ఉండేది. మావయ్యకు వింత లేదు. కాగితం ఓట్ల రోజుల్లో ఆయన టెక్కలిలో ఒక అభ్యర్థి తరఫున లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. రెండు గుర్తుల మధ్య గీత మీద ముద్ర పడితే, ఎటువైపు ఎక్కువ పడిందో చూసి ఆ ఓటు ఎవరిదో తేల్చేవారని, ఒక్కో కాగితానికి ఎంత గొడవ జరిగేదో చెప్పాడు. "కాగితం ఒకటే. నాకు మా గుర్తు మీదే పడినట్టు అవుపడేది. ఎదరోడికి ఆడి గుర్తు మీదే. ఇద్దరం అబద్ధం ఆడతన్నామేటి? నేదు. ఇద్దరికీ కళ్లు అలాగే సూసినాయి." ఒక చానెల్ ఒక పార్టీవైపు, ఇంకో చానెల్ ఇంకో పార్టీవైపు ఎందుకు మాట్లాడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. అమ్ముడుపోయినవాళ్లు కొందరుంటారు. చాలామందికి మాత్రం కళ్లే అలా చూస్తాయి.

కానీ అంతకంటే గట్టి మాట ఆయన యుద్ధం రోజుల్లో అన్నాడు. రెండు వేల మూడు మార్చిలో ఇరాక్ మీద అమెరికా దండెత్తింది. విలేకర్లు సైన్యం బండ్లలోనే కూర్చుని, ఆ సైన్యం ఇచ్చిన టోపీలు పెట్టుకుని వార్తలు చెబుతుంటే మావయ్య తలాడించేవాడు. ఆళ్ల బండెక్కి, ఆళ్ల నీళ్లు తాగి, ఆళ్ల మీద రాయడం కట్టమేరా అనేవాడు. కొన్నాళ్లకి ఇరాక్ రాజధాని మధ్య అక్కడి పాలకుడి పెద్ద విగ్రహం పడగొట్టడం చూపించారు. తెర నిండా జనం. నేను ఆహా అన్నాను. కెమెరాని కొంచెం ఎనక్కి జరపమను, సూద్దాం, అన్నాడు ఆయన. మొన్న మంత్రి మీటింగుకి మీ పేపరోడు ముందు వరస ముందు మోకాళ్ల మీద కూర్చుని తీసిన ఫోటో గుర్తు లేదా అని కూడా అన్నాడు. గుర్తుంది. ఆ మీటింగులో వెనక కుర్చీలన్నీ ఖాళీ. తర్వాత ఆ విగ్రహం చుట్టూ దూరం నుంచి తీసిన ఫోటో కూడా ఎక్కడో వచ్చింది, మైదానం చాలా భాగం ఖాళీగానే ఉంది.

"ఇందులో ఒక్క మాట అబద్ధం నేదు సూడు. ఇగ్రహం పడిపోనాది, నిజం. జనం గెంతినారు, నిజం. మాటలన్నీ నిజమే. మొత్తం కలిపితే అబద్ధం. అలాటిది పట్టుకోడం కట్టం, అల్లుడూ." నేను రాసే ప్రతి వార్తకీ ఇప్పటికీ ఈ మాట అడ్డం వస్తుంది. కొన్ని వార్తలు ఈ మాట వల్లే రాయకుండా మానేశాను.

ఆ యుద్ధంలోనే నీలమ్మ సంగతి జరిగింది. నీలమ్మది భావనపాడు. ఎండుచేపల బుట్టతో పలాస సంతకు వచ్చేది. మావయ్య వదిలేసిన ప్రకటనల పేజీలు పొట్లాలకు తీసుకెళ్లేది. ఆమె మొగుడు కువైట్‌లో ఒక పెద్ద పడవ మీద పనికి వెళ్లాడు. ఇరాక్ వాళ్లు కువైట్ వైపు కూడా క్షిపణులు వదిలారని టీవీలో వచ్చిన రెండో రోజు, ఆమె బుట్ట లేకుండా మావయ్య ఇంటికి వచ్చింది. ఉత్త చేతులతో ఆమెను చూడటం నాకదే మొదలు. మొగుడి నుంచి ఫోన్ లేదు. ఊళ్లో అందరూ ఏం కాదన్నారట. నేనూ అదే అన్నాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. మావయ్యనే అడిగింది.

"అన్ని దేశాల వార్తలూ ఇంటావు గదా బాబూ. నా మనిషి బాగున్నాడా, నేడా? నువ్వు సెప్పు."

మావయ్య కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. క్షిపణిని గాల్లోనే కొట్టేశామని అమెరికా వాళ్లు చెబుతున్నారని, పడిందని ఇంకో రేడియో చెబుతోందని, ఎక్కడ పడిందో రెండూ చెప్పడం లేదని వివరించాడు. తర్వాత అన్నాడు. "ఆళ్లెవలికీ నీ మొగుడు అవుపడడమ్మా. అందుకని నాకూ తెల్దు. తెల్దు అంటే తెల్దు."

నీలమ్మ ఏడవలేదు. ఇంత సదివింది ఇదేనా అని, లేచి వెళ్లిపోయింది. అత్త లోపల్నుంచి వచ్చి మావయ్యను కడిగేసింది. ఆడమనిషి గుండె చేత్తో పట్టుకుని వస్తే, బాగున్నాడని ఒక్క మాట అంటే నోరు పడిపోతుందా అంది. ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత కొన్ని రోజులపాటు ఎస్టీడీ బూత్‌లోనే కనిపించాడు. సోంపేట వైపు నుంచి కువైట్ వెళ్లిన వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగి, ఎవరి దగ్గర ఏ నంబరుంటే ఆ నంబరుకు చేశాడు. వార్త వినడమే తప్ప వార్త వెతుక్కుంటూ వెళ్లడం నేను ఆయనలో అప్పుడే చూశాను. నిజం చెప్పాలంటే విలేకరిగా నేను చేయాల్సిన పని అది.

చివరికి మొగుడే భావనపాడు బూత్‌కి ఫోన్ చేశాడు. మర్నాడు నీలమ్మ బుట్టతో వచ్చి, మావయ్య ముందు పెద్ద చేప ఒకటి పెట్టింది. ఆ రోజు అన్న మాటకి ఏమీ అనుకోవద్దంది. ఆ తర్వాత ఆమె అన్నది అత్త కూడా గుమ్మంలో నిలబడి వింది. "అందరూ బాగున్నాడు బాగున్నాడు అంతంటే నాకు దడ పుట్టింది బాబూ. సచ్చిపోనాడు గావాల, అందుకే ఇలాగంతన్నారు అనుకున్నాను. నువ్వొక్కడివే తెల్దన్నావు. తెల్దంటే పోనాడని కూడా తెల్దు గదా. ఆ మాట పట్టుకుని నిద్దరోనాను." అత్త చేప తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆయనకు జబ్బు బయటపడింది ఆ తర్వాత నాలుగైదేళ్లకు. మా ఉద్దానంలో చాలామందికి వచ్చేదే. మా వైపు కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. రక్తపరీక్షలో వచ్చిన అంకె చెబితే చాలు, వయసు చెప్పినట్టు అర్థమైపోతుంది. సర్కారు పెద్దలెవరైనా ఊళ్లకి వచ్చినప్పుడు వాళ్ల వెనక కెమెరాలు వచ్చేవి, మంచాల మీది రోగులను చూపించేవి, పెద్దలతోపాటే వెళ్లిపోయేవి. మావయ్య మంచం దగ్గరికీ ఒక కెమెరా వచ్చింది. కొంచెం నీరసంగా మొహం పెట్టమన్నారట. నిన్న పెట్టాను, నిన్న రావల్సింది అన్నాడట ఆయన.

డయాలిసిస్‌కు వారం వారం విశాఖపట్నం వెళ్లొచ్చేవాళ్లం. రెండు వేల ఎనిమిది అమెరికా ఎన్నిక ఫలితం ఆయన రైలెక్కాల్సిన రోజు పొద్దున్న, ఇంట్లో మంచం మీద పడుకుని చూశాడు. ఒక నల్లజాతి మనిషి ఆ దేశానికి అధ్యక్షుడవుతుంటే ఆయన కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఇంతలో తెర మీద వార్తలు చెబుతున్నవాడు కూడా కళ్లు ఒత్తుకున్నాడు. మావయ్య వెంటనే తువ్వాలుతో మొహం తుడిచేసుకుని, వాడి వైపు అనుమానంగా చూశాడు. మనం ఏడవచ్చుగానీ ఆడేడవకూడదురా, ఆడి పని అది కాదు అన్నాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమో ఆ నిమిషాన బాగా తెలిసింది. ఆయనకి చెప్పలేదు. మా ఇళ్లల్లో అలాంటివి చెప్పుకోం.

ఈ ఏడాది మొదట్లో విశాఖపట్నం డాక్టరు అత్తనూ నన్నూ పక్కకు పిలిచాడు. గుండె బాగా బలహీనపడిందని, మిషన్ ఎక్కిస్తే తట్టుకోలేడని, ఇక ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూసుకోవడమేనని చెప్పాడు. అత్త కొంగు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, ఆయనకి చెప్పనని నా చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. తిరుగు రైల్లో ఆమె మావయ్యకు చెప్పిన మాట నేను విన్నాను. ఇక మిషన్ అక్కర్లేదన్నారు డాక్టరుగారు, ఇంటికాడే ఉండొచ్చన్నారు, అంది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. మావయ్య కిటికీలోంచి చూస్తూ ఊఁ అన్నాడు.

ఆ తర్వాత మా ఇల్లే ఒక చానెల్ అయిపోయింది. వచ్చినవాళ్లందరికీ వీధిలోనే ఏం మాట్లాడాలో చెప్పి లోపలికి పంపేవాళ్లం. వాళ్లు వెళ్లి, మిషన్ కూడా అక్కర్లేదంట గదా, మొహం తేటపడింది అనేవారు. ఆయన వాళ్లను ఒక్కొక్కరినీ చూసేవాడు. జీవితమంతా పరాయి దేశంలో ఎవడెలా మాట మెలిపెడుతున్నాడో పట్టుకున్న మనిషిని, సొంత మంచం మీద పడుకోబెట్టి మేమంతా ఒకే వార్త వినిపించాం. ప్రేమతోనే చేశాం. నాకు మాత్రం ఆయన ముందు కూర్చోవడం రోజురోజుకీ కష్టమైపోయింది.

ఒక మధ్యాహ్నం అత్త పెరట్లో ఉన్నప్పుడు, వార్తలేటిరా అని అడిగాడు. నేను అమెరికాలో బ్యాంకులు కూలిపోతున్న సంగతి మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అమెరికాది కాదు. ఈ ఇంటిది సెప్పు."

నేను పెరటి వైపు చూశాను. ఆయన నా ఒట్టు సంగతి ఊహించే ఉంటాడు. నువ్వు పేపరోడివి, అన్నాడు నెమ్మదిగా. నువ్వు విన్నదా, ఎవరైనా చెప్పగా విన్నదా అని అడిగాడు. నా చెవులతో విన్నదే అన్నాను. "డాక్టరు ఏ మాట అన్నాడో ఆ మాటే సెప్పు. నీది కలపకు."

చెప్పాను. కలపకుండానే చెప్పాను. ఇంకో డాక్టర్ని అడిగావా అన్నాడు. అడిగానన్నాను, కాగితాలు పట్టుకెళ్లి శ్రీకాకుళంలో చూపించానని, ఆయనా అదే అన్నాడని చెప్పాను. మావయ్య కళ్లు మూసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. సక్కగా సెప్పినావు, అన్నాడు. నా ఇన్నేళ్ల పనిలో ఆయన నా వార్త ఒక్కటి మెచ్చుకున్నది అప్పుడే. చూస్తూ చూస్తూ ఇంట్లో అందరూ తనని ఒంటరిని చేస్తున్నారని భయమేసిందట. ఇప్పుడు ఫర్వాలేదన్నాడు.

పెరటి తలుపు చప్పుడైంది. అత్త కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది. మావయ్య ఆమె వైపు తిరిగి నవ్వాడు. "ఏటే అలాగ సూత్తన్నావు. బాగుంది నాకు. మిషను అక్కర్నేకుండా పోనాది గదా. వేసంకాలానికి లేసి తిరిగీత్తాను." నీలమ్మకు ఇవ్వని మాట అది. ఏ దేశపు వార్తకీ ఆయన అలా రంగు పూయలేదు. అత్త ఆయన్ని ఒక్క క్షణం చూసింది. అయితే మంచిదే, అని దువ్వెన తీసుకుని వసారాలోకి వెళ్లింది.

దినకార్యం అయ్యాక, ఈ నాలుగు ముక్కలూ రాసే ముందు అత్త దగ్గరికి వెళ్లాను. ఒట్టు తప్పానని చెప్పాను. ఆయనకు అంతా తెలుసని, ఆ రోజు ఆమె కోసం అబద్ధం ఆడాడని, ఇది రాయనా మాననా అని అడిగాను. ఆమె నా మీద కోప్పడుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నాకు తెల్దేటిరా. ఆ మనిషికి అబద్ధం అలవాటు నేదు. నవ్వినాడు సూడు, అప్పుడే తెలిసిపోనాది, ఈ మనిషికి తెలిసిపోనాదని."

మరి అందరికీ తెలియదని ఎందుకు చెప్పావత్తా అన్నాను. తెలియనట్టు నవ్వాడంటే ఆయన అలా చెప్పమన్నట్టే గదా, అంది. మరి ఆ రోజు ఏమీ జరగనట్టు వసారాలో కూర్చుని తల దువ్వుకున్నావేంటి అని అడిగాను. ఆ మాటకు తలెత్తి చూసింది.

"ఆయన సూత్తన్నాడు గదా" అంది.

నిజమే, చూశాడు. ఆ మధ్యాహ్నం ఆమె చాలా నెలల తర్వాత జుట్టంతా విప్పుకుని, తాపీగా, పాయ పాయగా దువ్వుకుంది. జడ అల్లింది. పెరట్లోంచి తెచ్చుకున్న కనకాంబరాలు రెండు తురుముకుంది. మంచం మీంచి మావయ్య కిటికీలోంచి ఆమెనే చూస్తూ పడుకున్నాడు. నేను టీవీ పెట్టనా అని అడిగితే, చేత్తోనే వద్దన్నాడు.